ఏరు పరిచిన నేల మీద ఒక రాత్రి

ఏటి ఒడ్డున ఉండే సాదాసీదా ప్రభుత్వ క్యాంపింగ్ స్థలాల్లో టెంటు వేసుకుని రాత్రి గడపడం నాకు చాలా ఏళ్ళుగా ఉన్న అలవాటు. సాదాసీదా అన్న మాటను అక్షరాలా తీసుకోవాలి. అంకె రాసిన ఒక గుంజ, టెంటు పట్టేంత నేల, ఒక బల్ల, నిప్పు రాజేసుకోవడానికి ఇనుప చట్రం, కాస్త దూరంలో గొయ్యి తవ్వి కట్టిన మరుగుదొడ్డి, లోపలికి వచ్చే దారిలో నియమాలు రాసిన పలక, అంతే. కరెంటు ఉండదు, వేడినీళ్ళు ఉండవు, చాలా చోట్ల కుళాయి కూడా ఉండదు. ఇన్ని లేని చోటికి పనిగట్టుకుని ఎందుకు వెళ్తావని ఇంట్లోవాళ్ళు మొదట్లో అడిగేవారు. అక్కడ ఏరు ఉంటుంది కాబట్టి వెళ్తానని చెప్పేవాణ్ణి. పలుచని గుడ్డకు అవతల రాత్రంతా నీళ్ళు పారుతుండగా నిద్రపోవడం ఏ గదిలోనూ దొరకని సుఖం. అయితే ఆ దగ్గరతనానికి ఒక పద్ధతి ఉంది. టెంటు ఎంత ఖరీదైనది, ఎంత కొత్తది అన్నదానికన్నా, దాన్ని వేసే ముందు ఏటిని ఎంత శ్రద్ధగా చూశామన్నదే ఆ రాత్రి ఎలా గడుస్తుందో నిర్ణయిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ నమ్మకం నాకు మొదటిసారే కలగలేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు బండి దిగగానే నీటికి వీలైనంత దగ్గరగా, మెత్తగా, చదునుగా ఉన్న చోటు చూసుకుని సంచి అక్కడ దించేశాను. పచ్చగడ్డి, దాని కింద ఇసుక నేల, పది అడుగుల దూరంలో నీళ్ళు. మొదటి మేకు దిగ్గొడుతుండగా పక్క స్థలంలో దిగిన ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "బాబూ, ముందు ఆ పొద వైపు ఒకసారి చూడండి" అన్నారు. నాకు పొద తప్ప ఇంకేమీ కనిపించలేదు. "ఆకులు కాదు, కొమ్మలు చూడండి" అన్నారు మళ్ళీ. అప్పుడు కనిపించింది. దాదాపు నా ఛాతీ ఎత్తున, కొమ్మల సందుల్లో ఎండిన గడ్డిపోచలు, పుల్లలు, చివికిన ప్లాస్టిక్ సంచి ముక్క ఒకటి చిక్కుకుని ఉన్నాయి. గాలికి వచ్చి పడిన చెత్త అయితే ఎటు పడితే అటు ఉండేది. ఇవి మాత్రం ఎగువ నుంచి వచ్చి కొమ్మలకు చుట్టుకుని, కొసలన్నీ దిగువకు దువ్వినట్టు వాలి ఉన్నాయి. "ఏరు అంత ఎత్తుకు వచ్చి వెళ్ళిందండీ. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు, మళ్ళీ ఎప్పుడు వస్తుందో అంతకన్నా తెలియదు" అన్నారాయన. నేను మేకు పీకేసి, సంచి భుజాన వేసుకుని, ఆయన చూపించిన గట్టు మీదికి వెళ్ళాను. ఆ రాత్రి ఏరు ఒక్క అంగుళం కూడా పెరగలేదు. అయినా అప్పటి నుంచి ఏ ఒడ్డుకు వెళ్ళినా నా కళ్ళు మొదట నీటిని కాక పొదల కొమ్మలను వెతుకుతాయి.

ఏటి పక్కన నేల అంత చదునుగా ఎందుకు ఉంటుందో ఆలోచిస్తే ఆ పెద్దాయన మాటలోని బరువు తెలుస్తుంది. దాన్ని చదును చేసింది ఏరే. వరదలో గట్టు దాటి పొర్లిన నీరు వెడల్పుగా పరుచుకోగానే దాని ఉరవడి తగ్గుతుంది, అంతవరకు మోసుకొచ్చిన ఇసుకనూ ఒండ్రునూ అక్కడే వదిలేస్తుంది. అలా పొర మీద పొర మేట వేసిన నేలే మనకు టెంటు కోసం తయారుచేసినట్టు కనిపిస్తుంది. మలుపుల దగ్గర ఈ పని ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మలుపు లోపలి వైపు నీరు నెమ్మదించి గులకరాళ్ళను, ఇసుకను పోగుచేస్తుంది. బయటి వైపు నీరు వేగంగా ఒరుసుకుపోతూ గట్టును అడుగు నుంచి కోస్తుంది. అందువల్ల లోపలి ఇసుక తిన్నె ఎంత మెత్తగా ఉన్నా ఏరు పెరిగితే ముందుగా మునిగేది అదే, బయటి గట్టు ఎంత ఎత్తుగా ఉన్నా అంచున నిలబడితే కాళ్ళ కింద మట్టి ఉందో బోలుగా ఉందో పైనుంచి తెలియదు. నేను ఈ రెండింటినీ వదిలేసి, వరద చెత్త చిక్కుకున్న ఎత్తుకన్నా పైన, గట్టు అంచుకు దూరంగా, చీకట్లో కూడా కాలినడకన ఇంకా పైకి పోగలిగే దారి ఉన్న చోటునే ఎంచుకుంటాను. స్థలాలకు అంకెలు వేసి ఉన్నాయి కదా, ఎవరో చూసే వేసి ఉంటారు కదా అనుకోవడం సహజమే గానీ, ఆ అంకె అక్కడ టెంటు వేసుకోవచ్చని మాత్రమే చెబుతుంది, ఈ రాత్రి ఎగువన వాన పడదని చెప్పదు.

ఇది అతి జాగ్రత్త అనిపించేవారి కోసం రెండు తేదీలు చెప్తాను. 1996 ఆగస్టు 7 సాయంత్రం స్పెయిన్‌లో, పిరనీస్ పర్వతాల్లోని బియెస్కాస్ దగ్గర కురిసిన కుంభవృష్టికి ఒక కొండవాగు పొంగి లాస్ నీవెస్ అనే క్యాంపింగ్ స్థలం మీదుగా పారింది. 87 మంది చనిపోయారు. కొండల ఇరుకులోంచి బయటపడిన వాగు తాను మోసుకొచ్చిన రాళ్ళనూ మట్టినీ విసనకర్రలా పరిచిన నేల మీదే ఆ స్థలం ఉంది. 2010 జూన్ 11 తెల్లవారుజామున అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, లిటిల్ మిస్సోరీ నది ఒడ్డున ఉన్న ఆల్బర్ట్ పైక్ క్యాంపింగ్ స్థలంలో జనం నిద్రలో ఉండగా నది కొన్ని గంటల వ్యవధిలో 6 మీటర్లకు పైగా పెరిగింది. 20 మంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్ళు దుస్సాహసం చేయడానికి వెళ్ళినవాళ్ళు కారు, నాలాగే పిల్లాపాపలతో ఏటి చప్పుడు వింటూ పడుకోవడానికి వెళ్ళినవాళ్ళు. అందుకే బయలుదేరే ముందు నేను వెళ్ళే చోటి వాతావరణం ఒక్కటే చూసి ఊరుకోను. ఎగువన కొండల మీద వాన సూచన ఉందా, పైన ఆనకట్ట ఉందా, ఉంటే నీళ్ళు వదిలే ముందు ఏ హెచ్చరిక ఇస్తారు అన్నవి కూడా తెలుసుకుంటాను. మన నెత్తిన నక్షత్రాలు మెరుస్తుండగానే ఎక్కడో కురిసిన వాన మన దగ్గరికి నడిచి రావచ్చు. మంచు కరిగి పారే వాగుల్లో వాన లేకపోయినా సాయంత్రానికో రాత్రికో నీటిమట్టం పెరుగుతుంది, మధ్యాహ్నపు ఎండకు పైన కరిగిన మంచు కిందికి చేరడానికి అంత సమయం పడుతుంది.

టెంటు వేయడం అయ్యాక, చీకటి పడకముందే, నీటి అంచున ఒక పుల్ల గుచ్చి వస్తాను. దాని పైన జానెడు ఎత్తులో ఇంకొకటి, ఆ పైన మరొకటి గుచ్చుతాను. రాత్రి మెలకువ వచ్చినప్పుడు లైటు తలకు కట్టుకుని గట్టు మీది నుంచే ఆ పుల్లలను చూస్తాను. మొదటి పుల్ల మొదలు తడిసి ఉంటే పరవాలేదు, రెండోది నీళ్ళలో నిలబడి ఉంటే సామాను సంగతి ఆలోచించకుండా అందరినీ లేపి పైకి నడిపించాలని ఇంట్లో ముందే అనుకుని పెట్టుకున్నాం. పుల్లలకన్నా ముందు ఏరే కొన్ని గుర్తులు ఇస్తుంది. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరగడం, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకురావడం, గలగలమన్న చప్పుడు బరువెక్కి అడుగున రాళ్ళు దొర్లుతున్న మోత వినిపించడం, ఈ మూడింటిలో ఏది గమనించినా నేను ఇంకో గుర్తు కోసం ఆగను. ఉరుము వినిపిస్తే టెంటులోంచి లేచి కారులోకి వెళ్ళి కూర్చుంటాం, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా బయటికి రాము. టెంటు వానను ఆపుతుంది గానీ పిడుగును ఆపలేదు.

నేలను చూశాక పైకి చూడాలి. ఏటి ఒడ్డు చెట్లు నీటికి దగ్గరగా ఉండి వేళ్ళను లోతుకు దించవు, వరదలు వాటి మొదళ్ళలోని మట్టిని కోసేస్తుంటాయి. ఎండిపోయి వేలాడే కొమ్మ గాలి లేని రాత్రి కూడా విరిగి పడవచ్చు.

ఇసుక నేలలో మేకు నిలవదన్న సంగతి ఒడ్డున మొదటిసారి టెంటు వేసే ప్రతివారికీ ఎదురవుతుంది. గట్టి నేలలో మేకును టెంటుకు దూరంగా తల వాలేట్టు ఏటవాలుగా దింపితే చాలు. ఇసుకలో మాత్రం తాడును ఒక లావుపాటి కర్రకు నడుమ కట్టి, ఆ కర్రను మూరెడు లోతున అడ్డంగా పాతిపెట్టి, పైన ఇసుక తొక్కి ఒక పెద్ద రాయి పెట్టాలి. ఇలా కట్టిన తాడును రెండు చేతులతో లాగినా కదలదు. కింద పరిచే పట్టా అంచులు టెంటు బయటికి రాకుండా లోపలికి మడవడం మరవకూడదు, వస్తే వాన నీరంతా పట్టా మీద పడి మన పక్క కిందికే చేరుతుంది. నైలాన్ గుడ్డ తడిస్తే సాగుతుంది కాబట్టి సాయంత్రం బిగుతుగా కట్టిన టెంటు అర్ధరాత్రికి వదులై, పైగుడ్డ లోపలి గుడ్డను తాకుతుంది. పడుకునే ముందు ఒకసారి చుట్టూ తిరిగి తాళ్ళన్నీ మళ్ళీ బిగించడం ఐదు నిమిషాల పని, ఆ ఐదు నిమిషాలకు బద్ధకించినప్పుడల్లా నేను తడిసిన పక్క మీద లేచాను.

తడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఏటి ఒడ్డున మనిషిని ఇబ్బంది పెట్టేది వానకన్నా ఎక్కువగా ఇదే. ఒకసారి వానచుక్క లేని రాత్రి గడిచాక తెల్లవారుజామున ముఖం మీద చుక్క పడి మెలకువ వచ్చింది. లైటు వేసి చూస్తే పైగుడ్డ లోపలి వైపంతా ఆవగింజలంత చుక్కలు వరుసగా అంటుకుని ఉన్నాయి. వేలితో ఒకదాన్ని తాకగానే అది పక్కదానితో కలిసి, రెండూ మూడోదాన్ని కలుపుకుని, సన్నని ధారగా కిందికి జారిపోయింది. టెంటు చిల్లిపడిందేమోనని ఆ రోజు గుడ్డంతా వెతికాను, చిల్లి ఎక్కడా లేదు. ఆ నీళ్ళు మా ఊపిరివి, ఏటివి. నిర్మలమైన రాత్రి టెంటు గుడ్డ తన వేడిని ఆకాశానికి వదులుకుని చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. ఏటి నుంచి వచ్చే తేమ, లోపల మనం విడిచే ఊపిరిలోని తేమ ఆ చల్లని గుడ్డను తాకి చుక్కలవుతాయి. చలి వేస్తోందని కిటికీలన్నీ మూసుకుంటే ఊపిరి బయటికి పోయే దారి లేక ఇంకా ఎక్కువ తడుస్తాం. పైన గాలి తలుపులు తెరిచి ఉంచి, టెంటు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు గాలి ఆడేట్టు చూసుకుంటే చాలావరకు తగ్గుతుంది. చెట్ల నీడన వేసిన టెంటు ఆరుబయట వేసినదానికన్నా తక్కువ తడుస్తుంది, ఆకులు గుడ్డకూ ఆకాశానికీ మధ్య కప్పులా నిలబడతాయి. ఎండుకొమ్మల భయమూ, మంచు తడీ రెండూ తూచి, పచ్చగా గట్టిగా ఉన్న చెట్టు వారన నేను చోటు చూసుకుంటాను.

చలిదీ ఇదే కథ. చల్లని గాలి బరువైనది, గాలి వీచని నిర్మలమైన రాత్రుల్లో అది నీటిలాగే పల్లానికి జారి లోయ అడుగున, అంటే సరిగ్గా ఏటి పక్కన, నిలుస్తుంది. గట్టు మీద నాలుగు అడుగులు పైకి వెళితే తేడా చెంపలకు తెలుస్తుంది. వరద కోసం ఎత్తున వేసిన టెంటు వెచ్చదనం విషయంలోనూ మేలు చేస్తుందన్న మాట. ఇక దుప్పటి ఎంత మందంగా ఉన్నా కింద పరిచేది పలచగా ఉంటే లాభం లేదు. స్లీపింగ్ బ్యాగులో మన బరువు కింద నలిగిన భాగం గాలిని పట్టి ఉంచలేదు కాబట్టి నేల చలిని ఆపేది ఫోమ్ చాప ఒక్కటే. చలికి తాళలేక పొయ్యిని గానీ నిప్పులను గానీ టెంటులోకి తెచ్చుకోవడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. వాటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోతారు.

ఏటి నీరు ఎంత తేటగా కనిపించినా నేరుగా తాగను. నీటిని సలసల మరిగేదాకా కాచి, ఆ మరుగు ఒక నిమిషం నిలిస్తే చాలు. 2,000 మీటర్లకు పైన నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి అక్కడ మూడు నిమిషాలు మరిగించాలి. క్లోరిన్ మాత్రలు చాలా క్రిములను చంపుతాయి గానీ క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి వాటికి లొంగదు. చేతి ఫిల్టర్లు దాన్నీ బ్యాక్టీరియానూ ఆపుతాయి, అయితే వైరస్‌లు అంతకన్నా చిన్నవి కాబట్టి మామూలు ఫిల్టర్లలోంచి దాటిపోతాయి. నాకు కాచడమే నిశ్చింత. నీరు బురదగా ఉంటే ఒక గిన్నెలో పట్టి కదపకుండా ఉంచి, తేరుకున్నాక పైనున్న నీటిని గుడ్డలో వడగట్టి, ఆ తర్వాత కాచాలి.

మనం తాగే నీరు దిగువన ఇంకొకరు కూడా తాగుతారు. పాత్రలు ఏట్లో కడగడం, సబ్బు రుద్దుకుని ఏట్లో దిగడం చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. నీళ్ళు బిందెతో పైకి తెచ్చుకుని, ఏటికి 60 మీటర్ల దూరంలో, అంటే పెద్దవాళ్ళ నడకలో ఒక 80 అంగలు వేసి వెళ్ళి కడుక్కుని ఆ నీటిని నేల మీద వెదజల్లితే మట్టి దాని పని తాను చేసుకుంటుంది. మరుగుదొడ్డి ఉన్న చోట దాన్నే వాడాలి, అందులో చెత్త వేయకూడదు. గొయ్యి నిండితే తోడాల్సింది మనుషులే, వేసిన ప్రతి సంచినీ ప్రతి సీసానూ ఎవరో ఒకరు చేత్తో తీయాలి. ఇంతకన్నా ఈ విషయం పెంచనక్కర్లేదు.

ఏట్లోకి దిగడం గురించి పిల్లలకు నేను ఒక సంగతి పదే పదే చెప్తాను. పైనుంచి చూస్తే నీటి లోతు ఉన్నదానిలో ముప్పాతిక వంతుగానే కనిపిస్తుంది. మోకాలి లోతే కదా అనుకుని దిగితే తొడల దాకా వస్తుంది. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవాళ్ళ కాళ్ళ పట్టును కూడా తప్పించగలదు. మా ఇంట్లో నియమం ఏమిటంటే, పెద్దవాళ్ళు దిగువన నిలబడి ఉంటే తప్ప పిల్లలు నీళ్ళలో కాలు పెట్టరు.

నిప్పు విషయంలో ఇనుప చట్రం ఉన్నందుకు కృతజ్ఞతతో దాన్నే వాడుకుంటాను, ఒడ్డున కొత్త పొయ్యి పెట్టను. ఏట్లోంచి తెచ్చిన రాళ్ళను మంట చుట్టూ పేర్చడం చూడముచ్చటగా ఉంటుంది గానీ వాటి పగుళ్ళలో చేరిన నీరు ఆవిరై రాయి పేలవచ్చు. తినే పదార్థాలేవీ టెంటులో ఉంచుకోము. చీకట్లో వాసన పట్టి వచ్చే జంతువుకు ఆ గుడ్డ గోడ కాదు.

ఇవన్నీ చక్కబెట్టుకున్నాక వచ్చే గంట కోసమే నేను అంత దూరం వెళ్తాను. లైట్లు ఆర్పేస్తాం. పక్క స్థలాల్లో మాటలు ఒక్కొక్కటిగా తగ్గుతాయి. మొదట ఏటి చప్పుడు ఒకటే మోతలా వినిపిస్తుంది. కాసేపటికి చెవి దాన్ని విడదీసుకుంటుంది. దగ్గరలో రాతిని ఒరుసుకునే నీటి సన్నని గుసగుస ఒకటి, ఎగువన చిన్న దుముకు దగ్గర బోలు చప్పుడు ఒకటి, దిగువన మలుపులో లోతైన నీరు తిరిగే మూలుగు ఒకటి. పడుకున్న చోటు నుంచి కళ్ళు మూసుకునే ఏటి మొత్తాన్ని చూసినట్టు ఉంటుంది. మా చిన్నది ఒకసారి ఆ చీకట్లో, "నాన్నా, ఏరు రాత్రిళ్ళు కూడా ఆగదా?" అని అడిగింది. ఆగదమ్మా అన్నాను. మంచి చోటు చూసుకుని, తాళ్ళు బిగించి, పుల్లలు గుచ్చి వచ్చిన రాత్రి ఆ చప్పుడు వింటూ నిద్రలోకి జారుకోవడంలో ఉన్న నిశ్చింత, ఆ పనులు చేయకుండా పడుకున్న రాత్రి నాకు ఎప్పుడూ దొరకలేదు.

తెల్లవారాక తొందరపడి సర్దేయను. ఎండ గట్టు మీదికి వచ్చేదాకా ఆగి, పైగుడ్డను తిరగేసి చెట్టు కొమ్మకు ఆరవేస్తాను. నిప్పు చట్రంలో నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, చివరికి అరచేయి బూడిద మీద ఉంచి ఎక్కడా వెచ్చదనం లేదని తెలుసుకున్నాకే లేస్తాను. పాతిన కర్రను తవ్వి తీసి గుంట పూడుస్తాను. ఇంటికి వచ్చాక టెంటు ఆరినట్టే కనిపించినా కుట్ల దగ్గర చెమ్మ మిగిలే ఉంటుంది, అలాగే మడిచిపెడితే బూజు పట్టి గుడ్డ పాడవుతుంది. అందుకని ఆ రాత్రికి దాన్ని ఇంట్లో ఫ్యాను కింద పరిచి, మర్నాడు మూలలు దులిపితే పిడికెడు ఏటి ఇసుక రాలుతుంది.